మూడు బాటల ముందు ఇల్లు

తొర్రూరులో మేం అద్దెకున్న ఇల్లు మూడు గల్లీలు కలిసే చోట ఉంది. గాలీ వెలుతురూ బాగా వస్తాయని సంబరపడి చేరాం. మొదటి అమావాస్య మర్నాడు పొద్దున గేటు తీశాక తెలిసింది అసలు సంగతి. చుట్టుపక్కల ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరు కొత్త బండి కొన్నా, దిష్టి తీసినవన్నీ మూడు బాటల దగ్గర పడేస్తారు. ఆ మూడు బాటలు సరిగ్గా మా గేటు ముందే. కోసిన నిమ్మకాయలు, కుంకుమ, ఎండు మిరపకాయలు, పగిలిన గుడ్డు. తొక్కినవాళ్లకు ఆ పీడ అంటుకుంటుందని అందరూ ఓ పక్కగా తప్పుకుని నడుస్తారు.

నాకు ఇలాంటి నమ్మకాలు లేవు. బడిలో పిల్లలకు సైన్సు చెబుతాను. కానీ మా పాపకు అప్పుడప్పుడే నడక వస్తోంది. కింద ఎర్రగా ఏది కనిపించినా నోట్లో పెట్టుకునే వయసు. అందుకని అది లేవకముందే లేచి, బకెట్ నీళ్లు గుమ్మరించి, అన్నీ ఊడ్చి మోరీలోకి తోసేదాన్ని. చీపురుతో తప్ప చేత్తో ముట్టేదాన్ని కాదు. ఎవరైనా ఎందుకని అడిగితే, శుభ్రత అనేదాన్ని.

మా గల్లీ ఆడవాళ్లకూ శుభ్రత అంటే ప్రాణమే. వాకిట్లో ఒక్క ఆకు ఉండనివ్వరు. ఊడ్చిందంతా రోడ్డు మీదకు నెట్టేస్తే వాళ్ల పని అయిపోయినట్టే. ఒకసారి ఒళ్లు మండి ఎదురింటి అవ్వతో పోట్లాటకే దిగాను.

“అవ్వా, చిన్నపిల్ల తిరిగే జాగ. వేరే ఏడనన్న ఎయ్యొచ్చు గద!”

“ఏడ ఎయ్యాలె బిడ్డా? ఇంట్ల పెట్టుకుంటమా? మూడు బాటలు ఉన్నయే గందుకు. గది ఎవ్వల జాగ గాదు,” అంది, నా చేతిలో రెండు జామకాయలు పెడుతూ.

మా పాపను రోజూ చంకనేసుకుని తిప్పేది ఆవిడే. జామకాయలు తీసుకుని ఇంటికి వచ్చేశాను.

మొన్న అమావాస్య మర్నాడు నాకు మెలకువ ఆలస్యమైంది. పక్కన పాప లేదు. వంటింట్లో లేదు. తలుపు బార్లా తీసి ఉంది. పాలకు పోయిన మా ఆయన గేటు కూడా వేయలేదు. పరుగెత్తాను.

మూడు బాటల మధ్యలో కూర్చుని ఉంది పాప. మూతి, బుగ్గలు, చేతులు అన్నీ ఎరుపు. రక్తమనుకున్నాను. అప్పుడు చూశాను, ఆడవాళ్లంతా చీపుళ్లు పట్టుకుని ఎవరి గేటు దగ్గర వాళ్లు నిలబడి ఉన్నారు. అవ్వ కూడా. ఒక్కరూ ముందుకు రాలేదు.

“నీళ్లు పోసినంక ముట్టుకో అక్కా!” అని ఎవరో అరిచారు.

నేను వినిపించుకోలేదు. ఎత్తుకుని చూస్తే కుంకుమ. నోట్లో మిరపకాయ ముక్క. ఆ చేతులతోనే కళ్లు నలుపుకుని గుక్కపట్టి ఏడ్చింది.

దవాఖానలో కళ్లు కడిగి, భయం లేదని పంపించారు. ఇంటికొచ్చినా పాపను చంక దించలేదు. ఏ బండో వచ్చి ఉంటే?

మధ్యాహ్నం అవ్వ వచ్చింది. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది. కూర్చోమని నేనూ అనలేదు.

“చూస్కుంట నిలవడ్డవు గదవ్వా! రోజూ ఎత్తుకునే పిల్లనే గద!”

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “గది మా మనవనిదే బిడ్డా. పోరనికి జరం దిగుతలేదు. రాత్రి నేనే దిష్టి తీసి ఏసిన. ముట్టుకుంటే మల్ల మా ఇంటికే వస్తదేమోనని కాళ్లు రాలె.”

మంచినీళ్లిచ్చాను. ఆవిడ తాగకుండానే ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది.

వెళ్లగానే పాప నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. మెడ కింద చూశాను. థర్మామీటరు పెట్టాను. ఏమీ లేదు. కాసేపాగి మళ్లీ పెట్టాను. నాకు నమ్మకం లేదని నాకు నేనే చెప్పుకుంటూ ఇంకోసారి పెట్టాను.

సాయంత్రం అవ్వ తన గేటు దగ్గర కనిపించింది. మనవడికి ఎలా ఉందని అడగాలి. అడగకపోతే మనిషినే కాదు. కానీ జ్వరం దిగిందని చెబుతుందేమోనని భయమేసి, పాపను ఎత్తుకుని గబగబా లోపలికి వచ్చేశాను.