నాకంటె ముందే ప్రయాణమైన ఫీజు

విఘ్నములను బాపు గణనాథునకు కైమోడ్చి, ఇసుకలో నా వేలు పట్టి ఓనమాలు దిద్దించిన తొలి గురువునకు నమస్కరించి, పింగళ నామ సంవత్సర ఆషాఢ బహుళ దశమి నాడు ఉదయగిరిలో బయలుదేరిన ఒక మూట యాత్రను సహృదయులకు విన్నవించుకొంటున్నాను.

ఆ రోజుల్లో మా ఇంట ప్రయాణమంటే బస్సు వేళకు కాక పంచాంగం వేళకు జరిగే క్రియ. తిరుపతిలో బి.ఏ. తెలుగు చదవడానికి నాకు సీటు వచ్చింది. చదువు రుసుమూ, వసతిగృహ రుసుమూ రెండూ శుక్రవారం సాయంత్రం లోపల కట్టకపోతే సీటు మరొకరికి పోతుందని కార్డు వచ్చింది. నాయన మందలోని మంచి పొట్టేళ్లను తోలుకుపోయి అమ్మి, నోట్లు మొలలో దోపుకొని, ఉత్త ములుగర్ర చేతబట్టుకొని తిరిగివచ్చాడు. మళ్లీ అమ్ముదామంటే పొట్టేళ్లు లేవు. ఆ ఏటికి నా చదువంతా ఆ నోట్లే. సోమవారమే వెళ్లి కట్టి రావచ్చును గానీ, కాలేజీకి పంచెతో పోతే నవ్వుతారని నాయన నాకు జన్మలో మొదటి ప్యాంటు కుట్టించబూనాడు. టైలరు దానిని గురువారం తెల్లవారి ఇస్తానన్నాడు. (టైలరు మాటకు పంచాంగం లేదు, అయినా ఆ ఒక్కసారి నిలబెట్టుకొన్నాడు.)

గురువారమనగానే అవ్వ గుండెలు బాదుకొన్నది. "గురువారం దక్షిణానికి శూలరా, ఆ దిక్కుకు పోగూడదు! ఆ పైన చతుర్దశి, అమాస. అమాస దాటితే అధికమాసం. నీకు కార్డు రాసినోళ్ల ఇంట్లో పెద్దోళ్లు ల్యారా?" అని కాలేజీవాళ్లను కడిగేసింది. తరణోపాయం కూడా ఆమే చెప్పింది, ప్రస్థానం పెట్టడం. మంచి ఘడియలో మనిషి కదలలేకపోతే, అతడి మూటను పోవలసిన దిక్కున మరొకరి ఇంట్లో ఉంచుతారు. ఆ తరువాత అతడు ఏనాడు బయలుదేరినా, మూట కదిలిన ఘడియలోనే బయలుదేరినట్లు లెక్క. మూట మాత్రం వెనక్కి రాకూడదు. సాధారణంగా అందులో ఒక పంచె, గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము ఉంటాయి. అవ్వ ఫీజు డబ్బు కూడా పెట్టమన్నది.

"డబ్బెందుకవ్వా? పంచె చాలదా?" అన్నాను.

"పంచె పెడితే పంచె పోతాది. నువ్వు పోయేది ఫీజు కట్టను. ఫీజే ముందర కదలాల."

ఈ తర్కానికి ఖండన నేను చదివిన శాస్త్రాలలో దొరకలేదు. నాయన వైపు చూశాను. ఆయన తలపాగా సర్దుకొంటూ వాకిట్లోకి పోయాడు. సోమవారం, దశమి నాటి ఉదయం అవ్వ ఆ మూటకు పసుపుతాడుతో ముడి మీద ముడి వేసి, మా వీధికి దక్షిణపు కొసన ఉన్న డ్రైవరు మామ ఇంట్లో పెట్టి వచ్చింది. మామ లారీ నడిపేవాడు. వాళ్లు ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేవారు. మాకు వరసలకు లోటు లేదు. "అబ్బీ, ఇది ఎనక్కి రాగూడదు, ముందరికే పోవాల. నా మనవడి చదువు ఇందులో ఉండాది" అని అవ్వ చెప్పింది. లోపల డబ్బున్నదని చెప్పలేదు. చెబితే దిష్టి.

గురువారం కొత్త ప్యాంటు తొడుక్కొని, దాని నడుము వదులై మాటిమాటికి పైకి లాక్కొంటూ డ్రైవరు మామ ఇంటికి వెళ్లాను. మూట పెట్టిన మూల ఖాళీగా ఉన్నది. మామ నులకమంచం మీద కూర్చుని పళ్లు తోముకొంటున్నాడు.

"మామా, మూట?"

"పోయింది గదబ్బయ్యా."

"యాడికి పోయింది?"

"ముందరికి! మంగళవారం ఆత్మకూరుకు లోడు దొరికినాది. మీ అవ్వ ముందరికే పోవాలన్నది గదా, మళ్లా ఈన్నే పడి ఉంటే నీ చదువు ఆగిపోతాదని క్యాబిన్లో పెట్టుకొని పోయి, బస్టాండులో మా బావమరిది టీ అంగట్లో దించినాను. పైసా అడగలా, ఏందిరా అట్ట చూస్తావు?"

లోపల డబ్బున్నదని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అనుమానించినట్లై నడివీధిలో మామ పరువు పోతుంది, చెప్పకపోతే నా ప్రాణం పోతుంది. పరువునే దక్కించి బస్సెక్కాను. (బస్సెక్కిన తరువాతగానీ శూల సంగతి గుర్తుకు రాలేదు.)

ఆత్మకూరు దాకా నేను సీటులో కూర్చున్నానో నిలుచున్నానో చెప్పలేను. బస్సులో ఎవరి ఒడిలో మూట కనిపించినా నా చూపు దాని ముడి మీద వాలేది. పక్కనున్న ముసలమ్మ ఓర్చుకొని ఓర్చుకొని, "ఏందబ్బయ్యా, నా మూటకల్లే చూస్తుండావు? సజ్జరొట్టెలే. ఆకలైతే నోరు తెరిచి అడుగు" అని ఒక రొట్టె చేతిలో పెట్టింది. వద్దనే ధైర్యం చాలక నమిలాను. అది రొట్టో అట్టముక్కో నాకు తెలియలేదు.

టీ అంగడి మామ గ్లాసులు కడుగుతూ నా ప్రశ్న విని మెచ్చుకోలుగా తల ఊపాడు. "ఆ మూటా? నిన్ననే తిరుపతి బస్సు కండక్టరు చేతికిచ్చి, కాలేజీ గేటు కాడ దించమన్నా. యాడా నిలవగూడదంట గదా!"

"ముడి... ఎవరూ విప్పలేదు గదా?"

"ఆడోళ్లు ఏసిన ముడి, మనమెందుకు ఇప్పేది? అయినా ఏందబ్బీ, పాతపంచె మూటకి ఇంత ఆరాటం? లోపల పెండ్లికూతురుండాదా?"

అంగట్లో ఉన్నవారంతా నవ్వారు. నేను కూడా నవ్వాను. అంత ఏడుపుమొగపు నవ్వు ఆ బస్టాండు ఎన్నడూ చూసి ఉండదు. ఆయన టీ పోశాడు, తాగే ఓపిక లేదు. తిరుపతి బస్సు వచ్చేవరకు ఆ రేకుల పందిరి కింద అటూ ఇటూ పచార్లు చేస్తుంటే ఒక కూలీ, "కడుపునొప్పా తమ్ముడూ?" అని పరామర్శించాడు. దారిపొడుగునా మనసులో నాయనకు చెప్పవలసిన మాటలు కూర్చుకొన్నాను. ఎంత చక్కగా కూర్చినా, చివర పొట్టేళ్లు లేని దొడ్డి దగ్గర ఆయన నిలబడి ఉండేవాడు.

పొద్దుగూకి చేరేసరికి కాలేజీ గేటుకు తాళం. శుక్రవారం తెల్లవారగానే, రాత్రి తలదాచుకొన్న సత్రం నుండి మొగమైనా సరిగా కడగకుండా పరుగెత్తాను. గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న ముసలి వాచ్‌మన్‌ను చూసి ఆగి, మాటకంటె ముందే చేతులతో గుండ్రంగా చూపించాను.

"మూట మనిషివి నువ్వేనా? లోపలేముండాదో చెప్పప్పా, ఇస్తా" అన్నాడు.

"పంచె, బియ్యం, పసుపుకొమ్ము..." అని ఆగి, ఆయన చెవి దగ్గర వంగి మిగతాది చెప్పాను. ఆయన స్టూలు మీద నుండి లేచి నిలబడ్డాడు. "నీ పాసుగాలా! రెండు రాత్రులు నేను దాన్ని తలకింద పెట్టుకోని పండుకుంటినే! కండక్టరు ఏదో మొక్కుబడి మూటన్నాడు!" అని, గదిలోనుండి దానిని రెండు చేతులా, దేవుడి పటాన్ని తెచ్చినట్లు తెచ్చాడు. పసుపుతాడు మీద ముడులన్నీ వేసినవి వేసినట్లే ఉన్నాయి.

వాటిని విప్పలేక ఫీజు కిటికీ ముందరే పళ్లతో కొరికాను. నోట్లతోబాటు బియ్యం గుమాస్తా బల్లమీద రాలింది. "ఏమయ్యా, ఫీజుకు తలంబ్రాలా?" అన్నాడాయన. చదువుకొక రసీదు, వసతికొక రసీదు చేతికి వచ్చిన తరువాతగానీ జారుతున్న ప్యాంటును పైకి లాక్కోలేదు.

ఇంటికి వచ్చి నాయనకు మాత్రం జరిగింది చెప్పాను. ఆయన తలపాగా తీసి దులిపి, "మీ అవ్వకు చెప్పబాకరా, వచ్చే ఏడు నిన్ను కూడా మూటగట్టి పంపిస్తాది" అన్నాడు. ఉదయగిరి నుండి తిరుపతి దాకా ఎందరి చేతులు మారినా, ఆ మూటకు ఏమీ కాదనే నమ్మకం అందరికీ ఉన్నది. లేనిదల్లా శాస్త్రాలు చదివిన నాకే. వెంటబడి పరుగెత్తిన ఆ కుర్రవాడు ఇప్పుడెదురైతే ఆపి కూర్చోబెట్టి, ఆ టీ తాగి పొమ్మందును.

అధిక శ్రావణ శుద్ధ పంచమి నాడు తరగతులు మొదలైనాయి. వసతిగృహంలో నాకు మెట్లకింది గది ఇచ్చారు. మూడేళ్లూ అందులోనే ఉండి చదువుకొన్నాను.