హెర్మెలిందా చేతిలోని నల్ల కుయ్

హెర్మెలిందా నోటికి మా ఊరంతా దడిసేది. మనిషి చెడ్డది కాదు. ఉన్నమాట ఉన్నట్టు అనేసే నోరు, అంతే. ఆవిడ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క మట్టిగోడే అడ్డం కాబట్టి, ఎవరికి ఏం చెప్పిందో నాకు అన్నీ తెలుసు.

ఒంట్లో బాగాలేదని ఎవరైనా ఆవిడ దగ్గరికి వైద్యానికి వస్తే, వెంట ఓ కుయ్‌ని తెచ్చుకోవాలి. మా వంటిళ్ళలో పొయ్యి చుట్టూ కీచుకీచుమంటూ తిరిగే గినీపందులే కుయ్‌లు. పండగొస్తే వేపుకు తింటాం, రోగమొస్తే రుద్దించుకుంటాం. ఆడవాళ్ళకి ఆడది, మగవాళ్ళకి మగది, నల్లదైతే మరీ మంచిది. హెర్మెలిందా దాన్ని పట్టుకుని నడినెత్తి నుంచి అరికాళ్ళ దాకా రుద్దేది. తర్వాత తోలు ఒలిచి, గిన్నెడు నీళ్ళలో ఉంచి, పొట్ట చీల్చి చూసేది. మనిషిలో ఏది చెడిందో కుయ్‌లోనూ అదే చెడి కనిపిస్తుందని మా నమ్మకం. "నీది కాలేయం, పందిమాంసం మానెయ్" అనో, "ఊపిరితిత్తులు, ఈ ఆకు కాచుకు తాగు" అనో కుండబద్దలు కొట్టినట్టు చెప్పేది.

రుద్దుతుండగానే కుయ్ చచ్చిపోతే మాత్రం అంతే సంగతులు. ఆ రోగం మనిషిని తీసుకుపోయేదాకా వదలదు. అది కూడా మొహం మీదే చెప్పేసేది మహాతల్లి. ముసలి అనక్లేతోతో, "తాతా, కుయ్ పోయింది. నీ గొర్రెలు ఎవరికిస్తావో ఇవాళే చెప్పు" అంది. ఆయన గొర్రెలు పంచేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఇటు తిరగలేదు. మా దగ్గర అంతే. చావు కనిపించిందని తెలిశాక ఎవడూ ఎక్కడికీ కదలడు. పరాయివాళ్ళ మధ్య చావడం దేనికని మంచం పట్టి, గుక్కెడు గంజి కూడా ముట్టకుండా పోతాడు.

నాకు ఒళ్ళు మండేది. "అక్కా, కాస్త నోరు కట్టుకోలేవా? ఉన్న నాలుగు రోజులూ ఆశతో బతకనీరాదూ!" అని తిట్టేదాన్ని.

"ఒక్కసారి అబద్ధం చెప్పానంటే రేపు నా మాట ఎవరు నమ్ముతారే, లియోన్సియా?" అనేది.

ఆవిడకి లేకలేక పుట్టిన ఒక్కగానొక్క కూతురు జెనైదా. హెర్మెలిందా ఇంటి ముందు నుంచి రోజూ పొద్దున్నే పట్నానికి వ్యాను నడిపే విల్మర్‌ని పెళ్ళాడింది. అంటే చూడండి, పట్నం ఆసుపత్రికి పోయే బండి ఆ పిల్ల గుమ్మంలోనే ఉంటుంది.

బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో జెనైదాకి కడుపులో నొప్పి పట్టుకుంది. ముందు బొడ్డు చుట్టూ అంది, తర్వాత కుడివైపు కిందకి దిగింది. ఒళ్ళు కాలిపోతోంది. ఊళ్ళోని నర్సమ్మ కడుపు నొక్కి చూసి, "ఇది పేగు వాపు. కోసి తీసెయ్యాలి. ఇవాళే పట్నం పొండి" అంది.

"ముందు అమ్మ చేత రుద్దించుకుని పోతాలే" అంది జెనైదా.

నర్సమ్మ మా పక్క ఊరి పిల్లే, మా పద్ధతులు తెలిసిందే. "రుద్దించుకుంటావో ఉతికించుకుంటావో నీ ఇష్టం, కానీ వెళ్ళు" అని వెళ్ళిపోయింది.

విల్మర్ నల్ల ఆడ కుయ్‌ని వెతికి తెచ్చాడు. నేను నీళ్ళగిన్నె పట్టుకుని పక్కనే కూర్చున్నాను. హెర్మెలిందా కొండదేవతల పేర్లు తలుచుకుంటూ కూతురి నెత్తి, మెడ, రొమ్ము రుద్దింది. ఉన్నట్టుండి మాకు వీపు పెట్టి తిరిగింది. గొణుగుడు వినిపిస్తూనే ఉంది, చెయ్యి ఆడుతూనే ఉంది. చివరికి పొట్ట చీల్చి, నీళ్ళలోకి చాలాసేపు చూసి, మొహానికి నవ్వు పులుముకుంది.

"ఏమీ లేదే పిచ్చిదానా! జడుపు. మొన్న వాగు దాటుతూ కాలు జారి పడ్డావు కదూ, అక్కడే నీ ప్రాణం ఉలిక్కిపడి ఆగిపోయింది."

"హమ్మయ్య! నర్సమ్మ మాటలకి సగం చచ్చాననుకో" అంది జెనైదా.

"అయినా పట్నం వెళ్ళి చూపించుకో తల్లీ. ఇప్పుడే బయల్దేరండి."

"జడుపుకి కత్తి పెట్టి కోస్తారా ఏంటమ్మా? నా శాలువా పట్టుకెళ్ళి వాగు దగ్గర నా పేరు పిలువు, ప్రాణం అదే వస్తుంది."

"అమ్మ మాట వినాలి. వెళ్ళమన్నానా, వెళ్ళు."

"అత్తమ్మా, మీరే జడుపంటారు, మీరే ఆసుపత్రంటారు" అని నవ్వాడు విల్మర్. "మీ మాట ఎప్పుడైనా తప్పిందా?"

హెర్మెలిందా తన మాటలోనే తాను ఇరుక్కుంది. చావంటే కూతురు గోడవైపు తిరుగుతుంది. జడుపంటే ఆసుపత్రికి కదలదు. చిన్న రోగమని చెప్పి పెద్దాసుపత్రికి పంపాలనుకుంది పాపం, కన్నతల్లి కదా. ఆ రెండూ అతకలేదు. శాలువా పట్టుకుని వాగు దగ్గరికెళ్ళి, ఎక్కడా లేని ప్రాణాన్ని గొంతు చించుకుని పిలిచి వచ్చింది.

మర్నాడు జెనైదా లేచి కూర్చుంది. "నొప్పి పోయిందమ్మా!" అంది. ఇల్లంతా పండగే పండగ. నెలల తరబడి నీళ్ళగుంతలో మురగబెట్టిన దుంపలతో జావ కాచాం. వీధి చివరిదాకా కంపు కొట్టే ఆ జావ పేగులకి అమృతమంటారు మావాళ్ళు. గిన్నెడు తాగింది. తల్లి మాత్రం పొయ్యి దగ్గర నిలబడి కూతురి మొహమే చూస్తోంది.

అప్పుడే నర్సమ్మ వచ్చింది. "నొప్పి ఒక్కసారిగా పోయిందా?" అని అడిగి, చెయ్యి పట్టుకు చూసి తెల్లబోయింది. "లోపల పగిలిపోయి ఉంటుంది. బండి తియ్యండి!"

"ఏం కాలేదమ్మా, జడుపు. ప్రాణం తిరిగొచ్చేసింది" అంది జెనైదా.

హెర్మెలిందా నెత్తి బాదుకుంటూ ముందుకొచ్చింది. "అబద్ధం! నేను అబద్ధమాడాను. కుయ్ నా చేతిలోనే పోయింది. రుద్దడం బొడ్డు దాకా కూడా రాలేదు. బతికున్నట్టు మీకు కనబడాలని బొటనవేలితో దాని కాళ్ళు ఆడించాను. దాని పేగులు నల్లబడిపోయాయి. ఇది జడుపు కాదు. లేవే తల్లీ, పోదాం!"

జెనైదా జావగిన్నె కింద పెట్టింది.

"అయితే ఇంక పట్నం దేనికమ్మా?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తల్లి కాళ్ళావేళ్ళా పడింది. "నా కుయ్ తప్పు, నా విద్య తప్పు! డాక్టర్లు బతికిస్తారే!" అని ఏడ్చింది.

"నీ కుయ్ ఎప్పుడు తప్పిందమ్మా? నన్నిక్కడే ఉండనీ" అంది జెనైదా, ఇటు తిరక్కుండానే.

విల్మర్ బలవంతంగా ఎత్తి వ్యానులో పడుకోబెట్టాడు. బండి కొండ ఎక్కుతున్న కొద్దీ పిల్ల ఒళ్ళు చల్లబడింది. కనుమ దాటకముందే, తల్లి ఒళ్ళో తలపెట్టుకునే పోయింది. అయినా ఆసుపత్రిదాకా తీసుకెళ్ళారు. కుయ్‌ని రుద్దిన రోజే తెచ్చి ఉంటే బతికేదేమోనని ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. అనకపోయినా బాగుండేది.

ఊళ్ళోవాళ్ళు హెర్మెలిందాని తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "చూశారా, కన్నకూతురి విషయంలోనూ ఆవిడ కుయ్ తప్పలేదు" అనుకున్నారు. ఇదేం ఖర్మ! "కుయ్ కాదర్రా, నేను చంపుకున్నాను" అని ఆవిడ ఎంత మొత్తుకున్నా, దుఃఖంలో అంటోందిలే అని సర్దుకున్నారు. విల్మర్ ఒక్కడే ఆవిడతో మాటలు మానేశాడు. వ్యాను ఇప్పుడు ఆ గుమ్మం ముందు ఆగదు.

అప్పటి నుంచి హెర్మెలిందా కుయ్‌ని ముట్టుకోదు. ఎవరొచ్చినా ఒకటే మాట, "ఆసుపత్రికి పొండి."

నిన్న కొండ అవతలి నుంచి నిల్దా అనే పిల్ల వచ్చింది. వీపున శాలువాలో దగ్గుతున్న పాప, చేతిలో ఓ చిన్న నల్ల కుయ్. హెర్మెలిందా పాప నుదురు తాకి చూసింది.

"పట్నం తీసుకెళ్ళు తల్లీ. ఇవాళే."

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. "కుయ్ మీద చెయ్యి కూడా వెయ్యవా పెద్దమ్మా? మీ జెనైదాకి చావు కనిపించినప్పుడు కూడా పట్నం పొమ్మనే అన్నావంటగా! మా ఊళ్ళో అందరికీ తెలుసు" అంది. అని అక్కడే కూలబడి, చచ్చినవాళ్ళ కోసం ఏడ్చే ఏడుపు మొదలుపెట్టింది.

"నోర్ముయ్యి! బతికున్న బిడ్డకి ఆ ఏడుపేంటే!" అని కసిరాను నేను. హెర్మెలిందా నిల్దా చెయ్యి పట్టుకుంది. "అది కాదే, బతకడానికే పొమ్మంటున్నా! ఒట్టు! నా కూతురి మీద ఒట్టు!"

చచ్చిన కూతురి మీద ఒట్టు వేస్తే ఎవరు నమ్ముతారు? నిల్దా చెయ్యి విదిలించుకుంది. హెర్మెలిందా అరుస్తూ మలుపు దాకా దాని వెంట పరుగెత్తింది. పట్నం బండ్లు ఆగే చోటు ఊరి కింద రోడ్డు మీద ఉంది. ఆ పిల్ల పాపని వీపున సర్దుకుని, ఏడుస్తూ, పైకి ఇంటిదారి పట్టింది.