ఆవిరత్త గోడ

నేలను కరిగించిన వేడిలో పుట్టిన రాయిని కాపాడతామంటూ ఒక మనిషి పొయ్యి ఆర్పించారు. తన ఇంట్లో తాను నీళ్లు మరిగించకూడదని ఉత్తర్వు ఇచ్చారు. ఆ కాగితం ఇంకా ఆమె తలుపుకే అంటించి ఉంది.

ఆమెను వీధి అంతా ఆవిరత్త అంటుంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతకడం ఆమె వృత్తి. అత్తగారి నుంచి ఆమెకు సంక్రమించినవి రెండే: నోటి దురుసు, వెనక గదిలోని రాగి బాన. బానలో బట్టల సోడా కలిపిన నీళ్లు మరుగుతుంటే ఆ గదిలో మనిషి కనబడదు, మాట మాత్రం వినబడుతుంది.

ఆ గది గోడే ఆమె కొంప ముంచింది. ఎన్నో యుగాల కిందట ఆ ఊరి పక్కన ఒక ఉల్క పడింది. ఆ దెబ్బకు నేలరాయి కరిగింది. ఉల్క చాలావరకు ఆవిరైపోగా, అందులోని నికెల్, ఇరిడియం లవలేశంగా ఆ కరుగులో కలిసి గట్టిపడ్డాయి. ఆ రాయి దొరికే గనిని పూడ్చి పెట్రోలు బంకు కట్టుకున్నారు. ఇక మిగిలింది ఆ రాయితో కట్టిన పాత గోడలే.

ఆ రాయిని పరీక్షించడానికి ఒక పరిశోధకుడు డ్రిల్లుతో వచ్చిన రోజు ఆమే కుర్చీ వేసింది.

“బయటివైపు వానకు నాని సోడియం, పొటాషియం కొట్టుకుపోయి ఉంటాయి పిన్నిగారూ. లోపలినుంచి తీస్తాం.”

“తీయి నాయనా. పోతూ పోతూ కన్నాలు పూడ్చి పో.”

“అదెంత పని.”

పూడ్చలేదు. బానకు సరిగ్గా పైన వరసగా కన్నాలు పెట్టి వెళ్లిపోయారు. వాటిలో బొద్దింకలు కాపురం పెట్టాయి. ఆపైన గోడ చూడమని అతని పరిశోధన సంస్థవారు జనాన్ని పంపడం మొదలుపెట్టారు. వచ్చిన పెద్దమనుషులు కన్నాల్లో ముక్కు తుడుచుకున్న కాగితాలు కుక్కారు, నమిలిన చూయింగ్ గమ్ అంటించారు. రోగుల దుప్పట్లలో చీమూ నెత్తురూ చూసి ఏనాడూ ముఖం తిప్పుకోని మనిషి, చీపురుపుల్లతో ఆ గమ్ గీకుతూ ఓకరించింది.

కొన్నాళ్లకు పరిశోధకుడు ముఖం వేలాడేసుకుని మళ్లీ వచ్చాడు.

“నికెల్ సరిగ్గానే ఉంది. సోడియం మాత్రం విపరీతంగా వచ్చింది. ఈ గదిలో మీరేం చేస్తుంటారు?”

“నాట్యం చేస్తుంటాను. కనబడటం లేదూ? మా అత్తగారి కాలంనుంచీ ఆ గోడ సోడా నీళ్లు తాగుతూనే ఉంది.”

“అప్పుడే చెప్పొచ్చుగా పిన్నిగారూ?”

“నువ్వు గోడనడిగావు. నన్నడగలేదు.”

మరుగుతున్న బాన పైనుంచి నమూనా తీసినవారిది తప్పు. శిక్ష బానకు పడింది. మరింత లోతుగా మళ్లీ తవ్వేదాకా ఆ గోడకు ఆవిరి సోకకూడదని సంస్థ రాసింది. పురపాలక అధికారి సంతకం గీకాడు. ఆవిరత్త ఆయన బల్ల ముందు నిలబడింది.

“వేరే గదిలో కాచుకోండమ్మా.”

“ఉన్నది పడకగదే. బాన మంచమెక్కించమంటారా? తూమూ, పొగగొట్టమూ వెనక గదిలోనే ఉన్నాయి బాబూ.”

“ఆ గోడ అపురూపమైనది.”

“పోనీ, రేకు అడ్డం కొట్టుకుంటాను.”

“గోడకు మేకు దిగితే నేరం.”

“మరి వాళ్లు దించిన డ్రిల్లు?”

“అది పరిశోధన.”

ఆమె ఇల్లు చేరింది. గుమ్మంలో ఆసుపత్రి మూటలు విప్పకుండా పడి ఉన్నాయి. వాటి కంపు వీధి మొగదాకా వస్తోంది. ఈ వారం దుప్పట్లు అందకపోతే పని వేరేవారికి ఇస్తామని ఆసుపత్రివారు కబురు పెట్టారు.

సంస్థ పెద్దలారా, సంతకం పెట్టిన అధికారీ, మీ తెలివితక్కువ నమూనాకు ఆమె బతుకును బలి పెట్టకండి. ఆ కాగితాన్ని మీ చేతులతోనే చించండి. సున్నమూ ఇసుకా మీరే మోసుకొచ్చి, మీ జనం కుక్కిన చెత్తను మీ వేళ్లతోనే తీసి, ఒక్కో కన్నమూ పూడ్చండి. ఈ వారంలోనే ఆమె పొయ్యి వెలగాలి.