పెదవులు కదిలాయి, మాటలేవి?

సావో పాలోలో అదావుతు తీసిన ఆరు సినిమాలూ చూసినవాళ్ళంతా ఒక సిటీ బస్సులో పట్టేస్తారు. ఈ మాట పుట్టించింది గిట్టనివాళ్ళు కాదు, అదావుతే.

పెద్ద కంపెనీలు వాడగా మిగిలిన ఫిల్ము ముక్కలు అడిగి తెచ్చుకునేవాడు. ఒక్కో ముక్కా నిమిషానికి మించి రాదు. అందుకే ఆయన సినిమాల్లో ఎవరూ మెట్లు పూర్తిగా ఎక్కరు. దాన్ని ఒక విమర్శకుడు "ముక్కలైన నగర జీవితం" అని మెచ్చుకుంటే, అది ముందే అనుకుని చేసినట్టు వారం రోజులు తలెత్తుకు తిరిగాడు.

పంతొమ్మిది వందల డెబ్భై నాలుగులో, ఏడో సినిమా సగంలో ఉండగా, ఇంట్లో చోటిచ్చిన అక్క మొగుడు పట్టుబట్టాడు.

"ఫిల్ము చెడిపోతుందని ఫ్రిజ్ నిండా నీ డబ్బాలేనా? చిక్కుడుగింజలు ఎక్కడ పెట్టుకోమంటావు? శుక్రవారానికి పూర్తి చేశావా, సరే. లేదంటే సోమవారం నుంచి నా గుండీల కొట్లో కూర్చుంటావు. ఈ సినిమాలు ఇక కట్టిపెట్టు."

సరేనన్నాడు అదావుతు. షూటింగులో గొంతులు పట్టరు, తర్వాత డబ్బింగ్ గదిలో అతికిస్తారు. నటులు నోటికొచ్చింది అనాలని ఆయన పట్టుదల. రాసుకున్న మాట చచ్చిన మాటని అందరికీ పాఠం చెప్పాడు. దాంతో ఎవరేమన్నారో ఎవరూ రాసిపెట్టలేదు. చాలామంది కెమెరాకి వీపు పెట్టి నిలబడ్డారు కాబట్టి ఎలాగో గట్టెక్కాడు. శుక్రవారం పొద్దున ఒక్క సీను మిగిలింది. సమాధి దగ్గర విధవరాలు. ముఖం తెరనిండా.

ఆ వేషం వేసిన జెనాయిజి వీధి సంతలో మాంసం కూరిన పాస్తెల్‌లు వేయించి అమ్ముతుంది. అమ్మగారూ అన్నట్టు ఆవిణ్ణి అందరూ 'దోనా' అంటారు.

"ఇక్కడేమన్నావు దోనా?" డబ్బింగ్ గదిలో తెర చూపించి అడిగాడు అదావుతు.

"నన్నడుగుతావేం నాయనా? డైరెక్టరువి నువ్వు."

"మొగుణ్ణి తలుచుకుని ఏదో..."

ఆవిడ తెర దగ్గరికి జరిగి తన మూతిని తనే పరీక్షగా చూసుకుంది. "ఆ, గుర్తొచ్చింది! నిన్ను తిట్టాను. ఎండలో నిలబెట్టావు, అక్కడేమో నా నూనె మాడిపోతోంది."

"నన్నా? నాకు వినబడలేదే!"

"ఎలా వినబడుతుంది? కెమెరా వెనక కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నావు."

అదావుతు చెవులు ఎర్రబడ్డాయి. తన జన్మకంతటికీ ఇదే గొప్ప షాటని ఊరంతా చెప్పుకున్నాడాయన.

"పన్నెండుకి ఈ గదిలోకి వేరేవాళ్ళొస్తారండీ," అన్నాడు సౌండు ఇంజనీరు.

ప్రార్థన పెట్టి చూశారు, పెదవులు ముందే ఆగిపోయాయి. ప్రేమ మాటలు పెడితే నోరు మరీ పెద్దగా తెరుచుకుంది. పదకొండున్నరకి అదావుతు కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ రోజు అన్నవే అనెయ్యి దోనా."

ఆవిడ గొంతు సవరించుకుంది. "నీ మొహం మండ, అదావుతూ! ఒక్క పనైనా సరిగ్గా చేశావా నీ బతుకులో? నన్నిక్కడ ఎండబెట్టి నువ్వు నీడలో పడుంటావా?"

ప్రతి మాటా పెదవులకి అచ్చుగుద్దినట్టు కుదిరింది.

"బాగుంది," అన్నాడు ఇంజనీరు నవ్వు ఆపుకుంటూ. "కానీ పోయిన మొగుడి పేరు ఓస్మార్ కదండీ?"

ఆ పేరు సినిమాలో ఎక్కడా వినబడదు. అదావుతు కాసేపు తెరమీది సమాధి వంక చూశాడు.

"కాదు," అన్నాడు. "చచ్చినవాడు అదావుతే. ఇంకోసారి తిట్టు దోనా. 'ఒక్క పనైనా' దగ్గర కాస్త గట్టిగా."