తిమ్మన్న రాళ్లూ ఇరవై అయిదేళ్ల ప్రణాళికా

ఓర్వకల్లు దగ్గర ఒక రాతిగుట్ట ఉంది. ఎన్ని వేల ఏళ్ల ఎండకూ వానకూ చలించని ఆ గుట్ట, 1953కీ 1956కీ మధ్య మూరెడు తగ్గిపోయింది. పిడుగు పడి కాదు, భూకంపం వచ్చి కాదు. తిమ్మన్న వల్ల. నమ్మకం లేకపోతే పోయి గుట్టనే అడగండి.

ఆ మూడేళ్లూ కర్నూలు రాజధాని. రాజధాని అంటే మేడలు కావు, డేరాలు. మైదానం నిండా డేరాలు, డేరాల నిండా కాగితాలు, కాగితాల కోసం కాచుకొని కూర్చున్న గాలి. కర్నూలు గాలికి పెద్దా చిన్నా తేడా తెలియదు. ఒక డేరాలో ఎద్దుల గురించి రాసిన కాగితం ఎగిరిపోయి పక్క డేరాలో దొంగల జాబితా మీద వాలితే, నలుగురు దొంగలతో పాటు రెండు ఎద్దుల మీద కూడా వారంటు పుట్టిందని చెప్పుకునేవారు. ఎద్దులు లొంగిపోయాయట, దొంగలే దొరకలేదట.

పందొమ్మిదో డేరాలో ఒక చిత్రమైన శాఖ ఉండేది. రాబోయే ఇరవై అయిదేళ్లలో సర్కారు కచేరీల్లోకి ఏ యంత్రాలు రావాలి, ఏ ఏడు ఏది రావాలి అని ముందే ఆలోచించి రాసిపెట్టడం దాని పని. అధికారి చెంగల్వరాయ నాయుడు మద్రాసు నుంచి వచ్చినవాడు. ఆయన కళ్లు ఎప్పుడూ పాతికేళ్ల అవతల ఏదో చూస్తూ ఉండేవి, అందుకే డేరా తాళ్లు తగిలి రోజుకొకసారైనా పడేవాడు. టైపిస్టు లేవిది నంద్యాల. శాఖకున్న యంత్రం అతని టైపు మిషను ఒక్కటే. దుమ్ము పడి అది కూడా పూటకోసారి దగ్గేది.

తిమ్మన్న ఆ డేరాలోకి నేల మీద కడప బండలు పరిచే కూలిగా వచ్చాడు. సరిగ్గా అప్పుడే ప్రణాళిక మొదటి కాగితం బల్ల మీద నుంచి లేచింది. నాయుడు ఒకవైపు నుంచి, లేవి ఒకవైపు నుంచి దూకారు. తిమ్మన్న మాత్రం కదలకుండా చేతిలోని బండముక్కను కాగితం మీద పడేశాడు. బల్ల కాలు విరిగింది గాని కాగితం నిలిచింది.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు నాయుడు.

"ఓర్వకల్లు సార్. మా ఊళ్లో రాళ్లు తప్ప ఏమీ పండవు."

ఆ మాటతో తిమ్మన్న సర్కారు కొలువులో చేరాడు. అయితే తాత్కాలికం. మూడు నెలలకొకసారి కొలువు ఆగిపోయేది, మళ్లీ కాగితం వస్తే మొదలయ్యేది.

తిమ్మన్నకు ఆ కొలువు ప్రాణంతో సమానం. అది లేకపోతే అతనికున్న దారి ఒక్కటే, బావమరిది సుంకప్ప బావి. ఎద్దులను వెనక్కీ ముందుకీ నడిపి తోలుసంచితో నీళ్లు తోడే కపిల ఉండేది ఆ బావి మీద. పెళ్లైన ఆరేళ్లూ తిమ్మన్న దాన్నే తోలాడు. ఆ బావిలో నీళ్లకంటే కప్పలు ఎక్కువ, కప్పలకంటే సుంకప్ప మాటలు ఎక్కువ. "బావకు ముందుకు పోయేది తెల్దు. ఎద్దులతో పాటు ఎనక్కి నడిసేదే తెలుసు" అని పదిమందిలో అనేవాడు. తిమ్మన్న భార్య సోమక్క ఆ మాట విన్న ప్రతిసారీ చాటలోని కొర్రలు అవసరానికి మించి చెరిగేది. అందుకే మొగుడు డేరా కొలువుకు పోయిన రోజు, "ఈసారి ఎనక్కి వస్తే నా మొగం సూడొద్దు" అని ఒక్క మాట చెప్పింది.

తిమ్మన్న ఒళ్లు దాచుకోకుండా పని చేశాడు. అర్జంటు ఫైలుకు తుంగభద్ర గులకరాయి, నానబెట్టే ఫైలుకు కడప బండ, ఇద్దరు అధికారులకు పడని ఫైలుకు ఓర్వకల్లు గరుకురాయి. ఆరు నెలలు తిరగకుండా ఫైళ్ల పేర్లు పోయి రాళ్లే మిగిలాయి. నాయుడు కూడా, "ఆ మూడు మూలల రాయి ఫైలు పట్రా" అనేవాడు. పక్క డేరాల వాళ్లు రాళ్లు అరువడిగేవారు. ఒకసారి గాలివానకు ఇరవయ్యో డేరా ఎగిరి ఆత్మకూరు దాకా పోయిందట, పందొమ్మిదోది మాత్రం రాళ్ల బరువుకు జానెడు లోపలికి దిగిందట.

ఇట్లా ఉండగా ప్రణాళిక పూర్తయింది. 1956 దసరా నాటికి రాష్ట్రం పెరగబోతోందనీ, నవంబరు ఒకటి నుంచి రాజధాని హైదరాబాదనీ తేలిపోయింది. హైదరాబాదుకు పోయేవాళ్ల జాబితా లేవి టైపు చేశాడు. తిమ్మన్న కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు.

"లేవి సారూ, నా పేరు యాడుంది?"

లేవి మిషను వైపు చూశాడు. "ల్యాదప్పా."

తిమ్మన్న నాయుడి ముందు నిలబడ్డాడు. నాయుడు మంచివాడే, జాలిగానే చెప్పాడు. "అక్కడ గోడలున్నాయి తిమ్మన్నా. కిటికీలకు తలుపులున్నాయి. గాలి లోపలికి రావాలంటే చీటీ పంపాలి. ఇక రాళ్లెందుకు చెప్పు?"

"పాతికేండ్లకు రాసినారు గదా సార్. ఒక్క యాడాదిలోనైనా నేను ల్యానా?"

నాయుడు ప్రణాళిక వైపు చేయి చూపించాడు. మీట నొక్కితే ఫైలు వెతికే యంత్రం, మాట చెప్తే రాసే యంత్రం, లెక్క అడిగితే కూడిపెట్టే యంత్రం. మనిషి చేత్తో రాయి పెట్టడం అందులో ఎక్కడా లేదు.

మర్నాడు ఆయుధపూజ. సెలవు కాబట్టి డేరాలో లేవి ఒక్కడే మిగిలిన పని చూసుకుంటున్నాడు. ఎవరి పనిముట్లకు వాళ్లు బొట్టు పెట్టుకునే రోజు అది. తిమ్మన్న పనిముట్లు రాళ్లే. ఇదే ఆఖరి పూజ, ఘనంగా చేయాలనుకున్నాడు. ఫైళ్ల మీదున్న రాళ్లన్నీ తీసి బయటికి మోసి, నీళ్లతో కడిగి, పసుపు రాసి, వరసగా పేర్చాడు.

"లేవి సారూ, మీ మిషనుకూ బొట్టు పెడ్దునా?"

"దానికి నేను పొద్దున్నే ప్రార్థన చేసినాలేప్పా. అది గాక..." లేవి తలెత్తి చూశాడు. "తిమ్మన్నా! రాళ్లన్నీ ఈడ ఉంటే, కాయితాల మీద ఏముండాది?"

తిమ్మన్న చేతిలో కొబ్బరికాయ అట్లాగే ఆగిపోయింది. మూడేళ్లుగా ఆ క్షణం కోసమే పస్తులున్నట్టు ఒక సుడిగాలి డేరాలోకి దూరింది, పాతికేళ్లనూ ఒక్కసారిగా ఎత్తుకుపోయింది.

కర్నూలంతా భవిష్యత్తు కురిసింది. మాట రాసే యంత్రం బజ్జీల అంగట్లో దొరికింది, అప్పటికి ఇంకా అందులో బజ్జీ చుట్టలేదు. కూడిక యంత్రం ఒక బర్రె కొమ్ముకు గుచ్చుకుంది, బర్రె దాన్ని వదలనంది. కొండారెడ్డి బురుజు మీద నాలుగు కాగితాలు ఎక్కి కూర్చున్నాయి. పొద్దు వాలేలోగా తిమ్మన్న అన్నీ ఏరుకొచ్చాడు, ఒక్కటి తప్ప. ఏ ఏడు ఏ యంత్రం అని చెప్పే మొదటి కాగితం తుంగభద్ర దాటి, రాజధాని కంటే రెండు వారాలు ముందే హైదరాబాదు రాష్ట్రంలోకి వెళ్లిపోయింది.

సంగతి విని నాయుడు పరుగున వచ్చాడు. దొరికిన కాగితాలు దొరికిన వరసలో కట్టించాడు. దాని ప్రకారం ఫైలు వెతికే యంత్రం రెండో ఏట వస్తుంది, దాన్ని నడిపే కరెంటు పందొమ్మిదో ఏట వస్తుంది. పెద్దలు చూసి లోతైన ఆలోచన అని మెచ్చుకున్నారు. తిమ్మన్నను మాత్రం నాయుడు మెచ్చుకోలేదు. "ఇక ఇంటికి పో" అన్నాడు.

సుంకప్ప బావి దగ్గరే ఎదురొచ్చాడు, చేతిలో కపిల తాడుతో. "రా బావా. ఎద్దులు శానా రోజుల నుంచి నిన్నే అడుగుతాండాయి."

సోమక్క మొగుడికి సంగటి పెట్టింది గాని మొహం ఇటు తిప్పలేదు. అయిదు నెలలు అట్లాగే పెట్టింది.

మార్చిలో, కప్పలు కూడా బావి వదిలి పోతున్న రోజుల్లో, లేవి నుంచి కార్డు వచ్చింది. తిమ్మన్న ఎద్దులను నిలబెట్టి, వాటికి వినబడేటట్టే చదివాడు.

"తిమ్మన్నా, ఇక్కడ గోడలు చాలా గట్టివి, చలికాలం హాయిగా గడిచింది. ఎండలు మొదలుకాగానే మన ప్రణాళికలోని మొదటి యంత్రం వచ్చింది. దాని పేరు కరెంటు పంకా. తలమీద తిరుగుతుంది. నాలుగు పంకాలు ఒకేసారి వేశారు. నాకు కర్నూలు గుర్తొచ్చింది. వేస్తే కాగితాలు నిలవవు, ఆపేస్తే నాయుడుగారు నిలవరు. కాగితాల మీద పెట్టే గాజు బిళ్లలు కావాలని అర్జీ పెట్టాం, ఆ అర్జీ కూడా కిటికీలోంచి పోయింది. రాళ్లు తీసుకొని రమ్మని అయ్యగారి మాట."

"సోమక్కా!" అని అరిచాడు తిమ్మన్న.

సోమక్క వచ్చి కార్డు తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు. "ఇందులో పర్మినెంటు అని ఉండాదా?"

"ల్యాదు."

"అయితే అడుగు. రాళ్లు మనవి."

తిమ్మన్న రెండు గోనెసంచుల రాళ్లతో రైలెక్కాడు. "ఏముండాయి లోపల?" అని టికెట్ కలెక్టరు అడిగితే, "గవర్మెంటు మిషన్లు" అన్నాడు. ఆయన సంచి మూతి విప్పి చూసి, ఈ వయసులో ఇంకా ఎన్ని చూడాలో అన్నట్టు మూతి కట్టేసి పోయాడు.

కచేరీలో పంకాలు ఆపేసి ఉన్నాయి. నాయుడు చెమటలో ఈదుతూ, "తెచ్చావా?" అన్నాడు.

"తెచ్చినా సార్." తిమ్మన్న సంచి విప్పలేదు. "నా కాయితం ఉండాదా?"

"ఏ కాగితం?"

"గాలికి పోనిది సార్. మూడు నెల్లకు పోనిది."

నాయుడు లేవి వైపు చూశాడు. లేవి అప్పటికే టైపు చేసిపెట్టాడు. తిమ్మన్న సంచి విప్పకుండా కూర్చుంటే, ఎండ పుణ్యాన పై సంతకం కూడా మర్నాటికే వచ్చింది. పర్మినెంటు అటెండరు. నాయుడు దాన్ని బల్లమీద పెట్టి, ఇక ఓపిక లేక తనే లేచి మీట వేశాడు.

నాలుగు పంకాలూ తిరిగాయి. ఉత్తర్వు లేచింది. నాయుడు దూకాడు, లేవి దూకాడు. తిమ్మన్న మాత్రం కదలకుండా సంచిలో చేయి పెట్టి, ఓర్వకల్లు గరుకురాయి తీసి దాని మీద పడేశాడు.

ఈ బల్ల కాలు విరగలేదు, టేకుది.

ఆ ఏడు ఆయుధపూజకు తిమ్మన్న ఒక రాయి తీసి, కడిగి, బొట్టు పెట్టి, తిరిగి ఫైలు మీద పెట్టాకే రెండోది ముట్టుకున్నాడు. పూజ మూడు రోజులు పట్టింది. తన ఉత్తర్వు మీదున్న రాయిని మాత్రం ఎత్తలేదు. ఉన్నచోటనే తడిగుడ్డతో తుడిచి, ఉన్నచోటనే బొట్టు పెట్టాడు.