ఫిట్టరుగారి అరచెయ్యి

ఆ రోజు ఉదయం పదిన్నరకే నాకు నిజం తెలుసు. బ్యాటరీ కొట్టు ఆయన మా కారు బ్యాటరీకి మీటరు పెట్టి చూసి, "దీనికి వయసైపోయిందండి, ఇందులో ఎవరి తప్పూ లేదు" అన్నాడు. ఆ ఒక్క మాట మా వీధి చివర టీ కొట్టు దగ్గరకి వెళ్ళి నలుగురిలో చెప్పి ఉంటే సరిపోయేది. నేను చెప్పలేదు. రెండో చలికాలం వచ్చేదాకా చెప్పలేదు.

మాది మండపేటలో కిరాణా హోల్‌సేల్ కొట్టు. మా వీధి చివర ఒక రైసు మిల్లు, దానికి ఎదురుగా టీ కొట్టు ఉన్నాయి. ఆ మిల్లులో ముప్ఫై ఏళ్ళు యంత్రాలు చూసిన ఫిట్టరుగారికి ఆ మోత మధ్యే చెవులు పోయాయి. పని మానేశాక కూడా ఆయన మిల్లు వదిలి దూరం పోలేదు. పొద్దున్నే వచ్చి టీ కొట్టు బల్ల మీద కూర్చునేవారు. చెవులు వినపడనివాళ్ళు గట్టిగా మాట్లాడతారంటారు గానీ, ఆయన మాట పక్కవాడికి కూడా సరిగా వినిపించేది కాదు. ఎదుటివాళ్ళ మాట పెదాల కదలికని బట్టి కొంత, సైగల్ని బట్టి కొంత పట్టుకునేవారు.

లారీకో ట్రాక్టరుకో ఏదైనా తేడా వస్తే డ్రైవర్లు ముందు ఆయన్నే పిలిచేవాళ్ళు. ఆయన వెళ్ళి బానెట్ మీద కుడి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, బండి స్టార్ట్ చెయ్యమని ఎడమచేత్తో సైగ చేసేవారు. కాసేపటికి కళ్ళు తెరిచి, ఎక్కడ ఏం పోయిందో చెప్పేవారు. నేను ఇరవై ఏళ్ళుగా దుకాణంలో బియ్యం చేత్తో పట్టి రకం చెబుతాను. అందుకేనేమో, ఆయన చెయ్యి చూస్తే నాకు కొంచెం అసూయగానూ ఉండేది, నమ్మకం కలగనట్టూ ఉండేది.

ఆ ధనుర్మాసంలో మా కారుకి ఐదో ఏడు నడుస్తోంది. కొన్నప్పటి బ్యాటరీయే ఇంకా ఉంది. తాళం తిప్పగానే అందుకునే ఇంజను, చలి మొదలయ్యాక ఒకసారి మూలిగి, ఆగి, బతిమాలించుకుని లేవడం మొదలుపెట్టింది. స్టార్ట్ చేస్తుంటే లోపలి దీపం గుడ్డిదయ్యేది. గడియారం తనంతట తాను పన్నెండు గంటలకి వెళ్ళిపోయేది. ఇవన్నీ చూశాను. చూసి, బ్యాటరీకి చలి వేస్తోందనుకుని, మంచు పడకుండా ధాన్యం మీద కప్పినట్టు రాత్రిపూట బానెట్ మీద నాలుగు గోనెసంచులు కప్పాను.

"ఏది కనపడినా గోనె కప్పడమేనా? రేపు నాకూ కప్పుతారేంటి?" అంది మా ఆవిడ.

ఫోనులో ఎవరో చెబితే విని, రోజూ పొద్దున్న ఐదు నిమిషాలు ఇంజను ఆన్ చేసి ఆపేసేవాణ్ణి. అలా చేస్తే ఉన్న కాస్త బలమూ ఖర్చవుతుందని, మళ్ళీ నిండాలంటే బండి దూరం నడవాలని తరవాత తెలిసింది.

మా మావగారు పట్టిసీమ వెళ్దామని ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. మర్నాడు సోమవారం, తెల్లారేసరికి రేవులో ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆ ఆదివారం పొద్దున మంచు బాగా ఉంది. నేను లైట్లు వేసుకుని టీ కొట్టు దాకా వెళ్ళి, టీ తాగి, మళ్ళీ తాళం తిప్పాను. ఎదురుగా మిల్లు గోడ మీద పడుతున్న లైటు వెలుతురు ఒక్కసారి ఎర్రబడి కుంగింది. అది చూసి ఫిట్టరుగారు లేచి వచ్చారు. నేను పిలవలేదు.

"ఇంజను ఆపి, ఇంకోసారి తిప్పండి షావుకారుగారూ."

చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. నేను తిప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"సెల్ఫ్ మోటారుకి బలం ఉందండి. బ్యాటరీ నుంచి తిండి అందట్లేదు."

బానెట్ ఎత్తించి, బ్యాటరీ మీద ఉన్న ఆరు మూతలూ విప్పారు. టీ కొట్టు ఆయన్ని తాళం దగ్గర కూర్చోబెట్టి, నన్ను పక్కకి పిలిచి, దూరంగా నిలబడి చూడమన్నారు. బ్యాటరీ లోపల ఆరు గదులుంటాయి. తాళం తిప్పగానే ఐదు గదుల్లో నీరు నిలకడగా ఉంది. మూడో గదిలో మాత్రం ఎసరు మరిగినట్టు బుడగలు లేచాయి.

నిన్నటిదాకా నల్లటి డబ్బా అనుకున్నది, ఆయన చూపించగానే ప్రాణమున్న వస్తువులా కనపడింది. దాని రోగాన్ని బానెట్ రేకు మీంచి ఒక మనిషి అరచెయ్యి కనిపెట్టింది.

చలి వల్లే కదా అన్నట్టు నేను భుజాలు ముడుచుకుని చూపించాను.

"చలి చంపదండి. మొన్న ఎండల్లోనే పోయిందిది. చలి బయటపెట్టిందంతే. ఈవేళే మార్చేయండి, రేపు దూరం తీసుకెళ్ళకండి" అన్నారు.

నేను తల ఊపాను. ఆయన మూతలు బిగించాక, నేను కూర్చుని తిప్పితే ఇంజను లేచింది. లేచింది కదా అనుకుంటూ ఇంటికి వచ్చేశాను. మార్చలేదు.

సోమవారం తెల్లారుజామున మావగారు ఇస్త్రీ పంచె కట్టి, శాలువా కప్పుకుని, పూలసజ్జ ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. నేను తాళం తిప్పాను. టకటకమని పళ్ళు కొట్టుకున్న చప్పుడు వచ్చింది. రెండోసారి అదీ లేదు.

"ఏంటండీ అల్లుడుగారూ, కారు కూడా ధనుర్మాసం వ్రతం పట్టిందా?"

పక్కింటివాళ్ళు వచ్చి తోశారు. కదిలింది గానీ లేవలేదు.

"మా నాన్నగారి ఎడ్లబండయినా ఈపాటికి కొవ్వూరు చేరేదండి" అన్నారు మావగారు. తోసినవాళ్ళు నవ్వారు.

అప్పుడు అన్నాను. "నిన్నటిదాకా బాగానే ఉందండి. ఆ మిల్లు ఫిట్టరుగారు మూతలు విప్పి కెలికారు."

వెనక సీట్లోంచి మా ఆవిడ నా వైపు చూసింది. గోనెసంచుల సంగతి ఆవిడకి తెలుసు. తండ్రి ముందు నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక ఊరుకుంది.

మావగారు ఊరుకునే మనిషి కాదు. తిన్నగా టీ కొట్టుకి నడిచారు. నేను వెనకాలే వెళ్ళాను. లారీలవాళ్ళూ మిల్లు కూలీలూ పదిమందిదాకా ఉన్నారు.

"చెవులు వినపడని మనిషి చేతికి బండ్లు అప్పజెప్తారేంటండీ మీరంతా? మా అల్లుడుగారి కారు చూడండి, ముట్టుకుని పాడుచేశాడు" అన్నారు.

ఫిట్టరుగారు అక్కడే బల్ల మీద ఉన్నారు. మావగారు అటు తిరిగి మాట్లాడలేదు కాబట్టి ఆ మాట ఆయనకి అందలేదు. ఎవరో పెద్దమనిషి, మా ఇంటికి వచ్చిన చుట్టం అనుకుని లేచి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. నిజమేనా అన్నట్టు అందరూ నా మొహం చూశారు. నేను తల ఊపాను.

పదిన్నరకి బ్యాటరీ కొట్టు ఆయన బండి మీద కొత్త బ్యాటరీ పెట్టుకుని వచ్చాడు. మీటరు ఆనించాడు. ఒక్కో గదిలో గాజు గొట్టం ముంచి తీశాడు. "మూడో సెల్ పోయిందండి" అన్నాడు.

"మూతలు విప్పితే ఇలా అవుతుందా?" అని అడిగాను. అవునంటాడేమోనని ఆశ.

"ఎందుకవుతుందండీ? దీనికి వయసైపోయిందండి, ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎవరైనా విప్పి చూశారా?"

మూడోదే పోయిందని ఒకాయన ముందే చెప్పాడన్నాను.

"మీటరు లేకుండానా? అయితే ఆయనకి దణ్ణం పెట్టాలండి."

ముందు నల్ల వైరు, తరవాత ఎర్ర వైరు విప్పి, పాతదాన్ని బయటికి తీశాడు. వైర్లు తగిలించే దాని చెవుల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. కొత్తది పెట్టి, ఈసారి ఎర్రది ముందు బిగించాడు. తాళం సగం తిరగకుండానే ఇంజను అందుకుంది. ఎవరూ చూడకుండా నేను బానెట్ మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాను. వణుకు తప్ప ఏమీ తెలియలేదు. ఒక మనిషి ముప్ఫై ఏళ్ళు చెవులు పోగొట్టుకుంటూ సంపాదించినదేమిటో అప్పుడు తెలిసింది. దాన్ని నేను అరనిమిషంలో చెడగొట్టాననీ తెలిసింది.

మధ్యాహ్నానికి పట్టిసీమ చేరాం. ఆ రోజు ఎంత పట్టిందో, మంచు అప్పుడే విడుతోంది. నది మధ్యలో కొండ కొంచెం కొంచెంగా బయటపడుతుంటే మావగారు చేతులెత్తి నిలబడిపోయారు. నేనూ ఎత్తాను. పడవలో ఆయనకి నిజం చెబుదామనుకున్నాను. దిగేదాకా అనుకుంటూనే ఉన్నాను.

ఆ తరవాత డ్రైవర్లు ఫిట్టరుగారిని పిలవడం తగ్గించారు. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. నా మాట మీద సరుకు కొనేవాళ్ళు నేను తల ఊపితే నమ్మారు, అంతే. లారీ ఆగితే ఆయన బల్ల మీంచి సగం లేచేవారు. డ్రైవరు ఫోను తీసి వేరే మెకానిక్కుని పిలిచేవాడు. ఆయన మళ్ళీ కూర్చునేవారు.

కొన్నాళ్ళకి నేను టీ తాగుతుంటే పక్కకి జరిగి, మెల్లగా అడిగారు.

"ఏమండీ, ఈమధ్య ఎవరూ పిలవట్లేదు. నేనేమైనా తప్పు చెప్పానంటారా? చెవులు పోయినప్పుడు కూడా నాకు ముందు తెలియలేదండి. ఇప్పుడు చెయ్యి కూడా పోతోందేమో."

నేను ఆయన మొహంలోకి చూసి, "చలికాలం కదండీ, బండ్లు తక్కువ" అన్నాను. నా పెదాలు చూసి నమ్మారు.

రెండో చలికాలంలో మిల్లు యజమాని పిలిపించినా ఆయన వెళ్ళలేదు. మోటారు వేడెక్కుతోందని, కొత్తవాళ్ళకి అంతుపట్టలేదని మనిషిని పంపితే, "నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు, నన్ను వదిలేయండి" అన్నారట. మా కొట్టుకి వచ్చిన మిల్లు గుమాస్తా మాటల్లో ఈ సంగతి చెప్పాడు. ఆయన్ని వేరేవాళ్ళు నమ్మకపోవడం వరకూ నేను ఎలాగో మోశాను. ఆయన తనని తానే నమ్మడం మానేశారంటే ఇక ఊరుకోలేకపోయాను. ఆ రాత్రి సంగతంతా మా ఆవిడతో చెప్పాను. "నాతో కాదు, అక్కడ చెప్పండి" అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. మిల్లు నడుస్తోంది. బల్ల మీద ఆయన పక్కన కూర్చుని, ఆయనకి మాత్రమే తెలిసేలా చెప్పేద్దామనుకున్నాను. చెప్పాను. ఆయన నా పెదాల వైపు చూసి, "అర్థం కాలేదండి" అన్నారు. నా పెదాలు వణుకుతున్నాయి, ఆయనకి అందలేదు. గొంతు పెంచాను. లారీలవాళ్ళు ఇటు తిరిగారు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకి వంగారు. ఇక లేచి ఆయన ఎదురుగా నిలబడి, మిల్లు మోత మీదుగా, ఒక్కో మాట విడగొట్టి అరిచాను.

"మీ చేతికి ఏమీ కాలేదండి. మీరు చెప్పిందే నిజమని నాకు ఆ రోజే తెలుసు. మీరు పాడుచేశారని అబద్ధమాడింది నేను. మా మావగారు ఇక్కడే అందరిలో అన్నారు, నేను పక్కనే నిలబడి అవునన్నాను. తప్పు నాదండి. నన్ను క్షమించండి."