వదిన, నేను, ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్

మా వదినా నేనూ మాట్లాడుకోవడం మానేసిన కొత్తలోనే మమ్మల్నిద్దర్నీ ఒకే జట్టులో జోడీగా నిలబెట్టారు. ఆ ఘనత మా కోచ్‌ది. ఆవిడ బడిలో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. కూర్మన్నపాలెం దగ్గర మైదానంలో నలభై దాటిన ఆడవాళ్ళని పోగేసి బాస్కెట్‌బాల్ ఆడిస్తున్నారు. నగరంలో పెద్ద వయసు మహిళలకు జరిగే పోటీలో ఒక్కసారైనా ఫైనల్ చూడాలని ఆవిడ పంతం. మోకాళ్ళు పట్టేయకుండా ఇంటికి చేరాలని మా పంతం.

నేను పొడుగు. కాలేజీ రోజుల నుంచీ సెంటర్ ఆడుతున్నాను, అంటే బుట్ట కింద నిలబడి వచ్చినవాళ్ళకల్లా అడ్డం పడడం. వదిన పొట్టి, కానీ చురుకు. భీమిలి దగ్గర సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. ఇసుకలో పరుగెత్తి గట్టిపడిన కాళ్ళు. బంతి తెచ్చే మనిషిని వదలకుండా వెంటాడడం ఆవిడ పని. ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుటుంబం మాది. కాలేజీ రోజుల్లో మా అన్నయ్య నా ఆట చూడ్డానికని వచ్చి, అదే మైదానంలో ఆడుతున్న ఆవిణ్ణి చూశాడు. ఆ పెళ్ళి నావల్లే జరిగిందని చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. గృహప్రవేశం తర్వాత చెప్పుకోవడం మానేశాను.

అన్నయ్యవాళ్ళు పెందుర్తిలో ఇల్లు కట్టారు. వంటగది మాత్రం వదిన తన ఎత్తుకు తగ్గట్టు కొలతలిచ్చి, దగ్గరుండి చేయించుకుంది. పాలు పొంగించిన రోజు అందులో అడుగుపెట్టగానే పొయ్యి మీది చిమ్నీ నా నుదుటికి ఠంగుమని తగిలింది. చుట్టాలందరూ నవ్వారు. రోషం పట్టలేక, "ఇది ఇల్లా, బొమ్మరిల్లా?" అన్నాను. భోజనాల దగ్గర వదిన అందరూ వింటుండగా తాపీగా, "తాటిసెట్లు కూడా వంట సేత్తాయని నాకు తెల్దు మరి," అంది.

అంతే, మాటలు బంద్. ఇద్దరిలో ఎవరమూ జట్టు మాత్రం మానలేదు. మానినవాళ్ళు ఓడినట్టే కదా.

ఇలాంటి ఇద్దరికి ఆటలో ఏదైనా అప్పజెప్పవచ్చు, పిక్ అండ్ రోల్‌ని ఆపమని మాత్రం చెప్పకూడదు. ఎందుకంటే అది ఇలా ఉంటుంది. అవతలి జట్టులో బంతి పట్టుకున్న మనిషిని మావాళ్ళలో ఒకరు కాపలా కాస్తూ ఉంటారు. ఆ కాపలా మనిషి దారిలోకి వాళ్ళ భారీ మనిషి వచ్చి గోడలా నిలబడుతుంది. మన మనిషి ఆ గోడకు తగిలి ఆగిపోతే బంతి ముందుకు దూసుకొస్తుంది. దాన్ని ఆపడానికి నాలాంటి సెంటర్ ముందుకెళ్ళిందా, గోడ కాస్తా వెనుదిరిగి ఖాళీ బుట్ట వైపు పరుగెడుతుంది. దీనికి విరుగుడు మాటతో మొదలవుతుంది. గోడ వస్తున్నట్టు కాపలా మనిషికి కనపడదు, వెనకున్న సెంటర్‌కి కనపడుతుంది. సెంటర్ అరిచి చెప్పాలి.

పోర్టు వైపు జట్టుతో మొదటి ప్రాక్టీసు మ్యాచ్‌లో ఆ గోడ ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్. మద్దిలపాలెం జంక్షన్‌లో డ్యూటీ. ఆవిడ చెయ్యెత్తితే సిటీ బస్సులు ఆగుతాయి. బంతి తెచ్చేది ఒక బ్యాంకు ఉద్యోగిని. ఇద్దరూ బడి రోజుల నుంచి కలిసి ఆడుతున్నారట. వదిన బ్యాంకావిడను వెంటాడుతూ పక్కకు జరుగుతోంది. కానిస్టేబుల్ వచ్చి కుడి పక్కన నిలబడింది. నాకు కనిపించింది. చెప్పాలి, కానీ వదినతో మాట్లాడకూడదు. అందుకని గాలిలోకి చూస్తూ, "కుడిపక్కన ఎవరో నిలబడినట్టున్నారు," అన్నాను. ఆ వాక్యం పూర్తయ్యేలోపు వదిన వెళ్ళి కానిస్టేబుల్ భుజానికి గుద్దుకుని కూలబడింది.

కోచ్ ఆట ఆపించారు. "ఏటే అది? రేడియోలో వార్తలు సదువుతన్నావా?"

"మేం మాట్లాడుకోం మేడం," అన్నాను.

"ఎందుకు?"

నేను వదిన వైపు చూశాను. ఆవిడ నేల వైపు చూసింది. "సిమ్నీ, మేడం," అంది చివరికి.

కోచ్ ఆ చిమ్నీ కథ అడగను కూడా లేదు. "ఇంటికాడ మాటాడుకుంతారో మానుకుంతారో నాకనవసరం. కోర్టులో అరుపులు మాటల్లెక్క కాదు. కుడి, ఎడమ, ఉండు, మారు. ఇయ్యి అరవండి సాలు."

'ఉండు' అంటే వదిన గోడను చుట్టి వెంటాడుతూనే ఉండాలి, నేను బుట్ట దగ్గరే కాస్తాను. 'మారు' అంటే ఇద్దరం మనుషుల్ని మార్చుకోవాలి. ఆ మాటలతోనే కొన్ని వారాలు నెట్టుకొచ్చాం. నేను గొంతు చించుకుని "ఉండు" అని అరిచేదాన్ని, ఆటయ్యాక ఎవరి బండి మీద వాళ్ళం వెళ్ళిపోయేవాళ్ళం. ఒకసారి ఆట చూడ్డానికి వచ్చిన అన్నయ్య ఆ అరుపులు విని, మేం కలిసిపోయామనుకుని స్వీట్లు కొనుక్కొచ్చాడు. ఇద్దరం తిన్నాం. కలవలేదు.

అమెరికా ప్రొఫెషనల్ మ్యాచ్‌లు మనకు పొద్దున్నే వస్తాయి. చూడమని కోచ్ ఆర్డరు. నేను ఉప్మా కలుపుతూ ఫోన్‌లో చూసేదాన్ని. అక్కడి భారీ సెంటర్లలో కొందరు గోడ దగ్గరకు వెళ్ళనే వెళ్ళరు. వెనక్కి తగ్గి, బుట్ట ముందు చేతులు చాపుకుని నిలబడతారు. దాన్ని 'డ్రాప్' అంటారు. నాకు ప్రాణం లేచొచ్చింది. నా మోకాళ్ళ కోసం ఎవరో ఖండాంతరాల అవతల కనిపెట్టినట్టుంది. వదిన మాత్రం ఇంకో రకం చూసింది. అందులో ఇద్దరూ కలిసి బంతి ఉన్న మనిషి మీద పడిపోతారు.

రాయబారం అన్నయ్యది. "డ్రాప్ అంటే బద్ధకానికి పెట్టిన ఇంగ్లీషు పేరట," అని ఫోన్ చేశాడు.

"ఇద్దరూ ఒకరి మీదే పడితే మిగతావాళ్ళకి హారతి ఇవ్వాలా అని అడుగు," అన్నాను.

కాసేపటికి మళ్ళీ ఫోన్. "అడిగాను. ఇవ్వమంది."

కోచ్ నా మోకాళ్ళు చూసి డ్రాప్‌కే ఓటేశారు.

పోటీలో సెమీస్‌కి వచ్చాం. ఎదురుగా మళ్ళీ పోర్టు జట్టే. కానిస్టేబుల్ గోడ కట్టింది, "కుడి, ఉండు" అని అరిచాను, వదిన చుట్టి వచ్చింది, నేను వెనక్కి తగ్గి చేతులు చాపాను. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే జరిగాయి. బ్యాంకావిడ మాత్రం బుట్ట దాకా రాలేదు. మధ్యలో ఆగి, నా మొహం చూస్తూ, తీరిగ్గా బంతి వేసింది. పడింది. మళ్ళీ వేసింది, మళ్ళీ పడింది. వెనక్కి తగ్గినవాళ్ళు ఇచ్చే ఖాళీ అదే. ఆ ఖాళీలో సూటిగా వేయగలిగినవాళ్ళు దొరికితే డ్రాప్ పని అయిపోయినట్టే. అమెరికాలో కూడా ఇదే గోల, నేను చూడదలచుకోలేదు అంతే.

కోచ్ టైమవుట్ అడిగారు. అందరం నీళ్ళు తాగుతున్నాం. వదిన వచ్చి సరిగ్గా నా ముందు నిలబడింది.

"నువ్వు ఎనక్కి తగ్గకు. ముందుకొచ్చి బ్యాంకావిడ్ని అట్టుకో. పోలీసావిడ్ని నాను సూసుకుంతాను."

"నీ మీంచి నడిచి వెళ్ళిపోతుంది వదినా."

"ఎల్లనీ. కాలు కదపకుండా నిలబడతాను. గుద్దితే ఫౌల్ ఆవిడిదే."

"గట్టిగా గుద్దితే?"

"ఇంకా మంచిది."

జట్టంతా నీళ్ళ సీసాలు పట్టుకుని మమ్మల్నే చూస్తోంది. కోచ్ మాత్రం వాచీ చూసుకుని, "అయిందా? మరెల్లండి," అన్నారు.

ఈసారి గోడ రాగానే "మారు" అని అరిచి ముందుకు దూకాను. బ్యాంకావిడ తలెత్తేసరికి ఎదురుగా నేను. కంగారుపడి బంతిని నా తల మీంచి కానిస్టేబుల్‌కి విసిరింది. కానిస్టేబుల్ అందుకుని బుట్ట వైపు తిరిగింది. దారిలో మా వదిన, రెండు చేతులూ గుండెకు అదుముకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. ఢీకొన్న చప్పుడు స్టాండ్‌లో కూర్చున్న అన్నయ్యకు కూడా వినపడిందట. వదిన జారుకుంటూ గీత అవతలికి పోయింది. రిఫరీ విజిల్ వేశాడు. ఫౌల్ కానిస్టేబుల్‌ది, బంతి మాది. మా జట్టు గంతులేసింది.

చివరి నిమిషంలో మళ్ళీ అలాగే ఢీకొన్నప్పుడు విజిల్ మోగలేదు. వదిన పడింది, కానిస్టేబుల్ ఆవిణ్ణి దాటి బంతిని బుట్టలో పెట్టి, వెనక్కొచ్చి చెయ్యిచ్చి లేపింది. ఆ బుట్టతోనే మ్యాచ్ పోయింది.

ఆస్పత్రిలో ఎక్సరే తీసి, పక్కటెముకలు విరగలేదు, కమిలాయన్నారు. ఆటోలో పెందుర్తి వెళ్తుంటే ఐసు ముక్కల సంచి నేను పట్టుకున్నాను. గోపాలపట్నం దాటాక వదిన, "సిమ్నీ పైకి ఎట్టించమని ఆ రోజే మేస్త్రీకి సెప్పాను," అంది. "మల్లీ రాలేదు ఆడు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"బొమ్మరిల్లన్నావు గదా. రాకపోతే పోనీలే అనుకున్నాను." పక్కటెముకలు పట్టుకుని, "నవ్వించకు. నొప్పేత్తంది," అంది. నేను నవ్వించలేదు, ఆవిడే నవ్వుకుని మూలిగింది.

ఆ ఆదివారం కానిస్టేబుల్ బత్తాయిలు పట్టుకుని పెందుర్తి వచ్చింది. మఫ్టీలో, చీరలో, ఇంకా పెద్దగా కనిపించింది. సోఫాలో కూర్చుని, టీ తాగి, వదిన పక్కటెముకల గురించి మర్యాదగా అడిగి, కప్పు కింద పెట్టాక అసలు సంగతికి వచ్చింది.

"రెండోసారి నువ్వు ముందే పడిపోనావమ్మా. నాను తగల్నేదు."

"తగిలావు," అంది వదిన.

"గాలి తగిలుంటాది."

"నీ గాలికే పడ్డానంతావా?"

తేల్చాలంటే చేసి చూపించాలన్నారు ఇద్దరూ. వదిన లేవలేదు కాబట్టి ఆవిడ స్థానంలో అన్నయ్యను నిలబెట్టాం. టీపాయి పక్కకు జరిపాను. బంతికి బదులు బత్తాయి విసిరాను. కానిస్టేబుల్ అందుకుని, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని తిరిగింది. అన్నయ్య సోఫాలో వెల్లకిలా పడ్డాడు.

పడ్డవాడు పడినట్టే ఉండి, కళ్ళద్దాలు వెతుక్కుంటూ, "ఇంతకీ ఇది ఫౌలా కాదా?" అని అడిగాడు.

ముగ్గురం ఒకేసారి చెప్పడం మొదలుపెట్టాం.